నలభై సీసాలు, ఒక సున్నా

హైదరాబాద్,
ఫిబ్రవరి 9.

వదినా,

పెట్టె చూసి కంగారు పడకు. అందులో ఉన్నవి ఖాళీ సీసాలు, నలభై. ప్రతిదాని మీదా నంబరు ఉంది. పేటలో క్వారీకి పోయేవాళ్ళు, బోరు నీళ్ళు తాగేవాళ్ళు నలభై మందిని అడిగి, పొద్దున్నే మొదటిసారి పోసిన మూత్రం పట్టి, ఐసు మధ్య సర్ది, మన కొండలరావు బస్సులో ఎక్కించు. ఆశా వర్కరువి, నువ్వు అడిగితే కాదనేవాళ్ళు లేరు. ఇష్టం లేనివాళ్ళను మాత్రం బలవంతం చేయకు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేంది, అంత చదివి దీనికి బుద్ధి పోయిందా అంటావు. మా పరిశోధనకు ఒక షరతు ఉంది వదినా. ఏ సీసా ఎవరిదో నాకు తెలియకూడదు. పేర్ల రిజిస్టరు నీ దగ్గర, నంబర్లు నా దగ్గర. ఫోన్లో అయితే నీ నోరు ఆగదు, పక్కన ప్రభుదాస్ అన్న ఉంటాడు, స్పీకరు పెట్టి ఇల్లంతా వింటారు. అందుకని ఈ పని సంగతి ఏదైనా పెట్టెలో కాగితం మీదే. మిగతా కబుర్లు ఎప్పటిలాగే ఫోన్లో.

నేను ఆరేళ్ళుగా చేస్తున్నది ఏమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. అగ్గిపెట్టె అంత గాజు పలక. దాని మీద వెంట్రుక కన్నా సన్నని కాలవలు. వాటిలో కంటికి కనపడనంత చిన్న బంగారు రేణువులు నీళ్ళలో తేలుతూ ఉంటాయి. అంత చిన్నవైతే బంగారం ఎర్రగా కనపడుతుంది. కిడ్నీ చెడడం మొదలైతే ఒంట్లో ఉండాల్సిన ప్రొటీను కొద్దికొద్దిగా మూత్రంలోకి జారుతుంది. అది తగిలితే ఈ రేణువులు ముద్దకట్టి నీలంగా మారతాయి. ఒక్క చుక్క చాలు. ఆరోగ్యంగా ఉన్న మనిషి శాంపిలు ఒకటి పెట్టి, దాన్ని సున్నా అనుకుని, మిగతావాళ్ళది దానికి ఎంత నీలమో కొలుస్తాం. ఆ సున్నా ఎప్పుడూ నాదే. పదిమందివి తీసుకోవాలని మా గైడు మేడం అంటూనే ఉంది గానీ, ల్యాబులో అందరం చేసేది ఇదే, చేతికి దగ్గరగా ఉన్నది మనమే కదా.

కాళ్ళు వాచకముందే తెలిస్తే మనిషి బతుకుతాడు. మా నాయన సంగతి నీకు చెప్పాలా? ఆఖరి నెలంతా ఎత్తి కూచోబెట్టింది నువ్వే.

జూలైలో థీసిస్ ఇవ్వాలి. నువ్వు పంపే నలభైతో పని అయిపోతుంది. తలనొప్పి మామూలే, బిళ్ళ వేసుకుంటే తగ్గుతోంది. తిట్టకు.

నీ మరదలు
కృపారాణి


బేతేలుపేట, మార్కాపురం దగ్గర,
ఫిబ్రవరి 23.

కృపా,

నీ పుణ్యమా అని నా పరువు పోయింది. పొద్దున్నే సీసా పట్టుకుని ఇంటింటి ముందు నిలబడితే కుక్కలు కూడా వింతగా చూసినాయి. కాటమరాజు మామ గొర్రెల మధ్య నుంచే అరిచినాడు, "ఏందమ్మే అన్నమ్మా, చదువుకున్న పిల్లకు మా ఉచ్చ తప్ప ఇంకేం దొరకలేదా?" అని. అరిచినా ఇచ్చినాడు. సామ్రాజ్యం అత్త నాకు సీసా ఇచ్చి, అది బంగారంలో కలుపుతారంట గదా, ఆ బంగారం తిరిగి ఇస్తారా అని అడిగింది. ఇవ్వరు అత్తా అంటే మొహం మాడ్చుకుంది.

నలభై మందీ అయినారు. డయాలసిస్‌కు పోతా ఉందే గురమ్మ, ఆమెది కూడా పట్టినాను, ఇరవై రెండో నంబరు. జబ్బు ఉందని తెలిసినామె ఒకరు ఉంటే నీ పలక నిజం చెప్తుందో లేదో తేలుతుంది గదా. ఆమె పేరు చెప్పినందుకు రూలు తప్పినట్టయితే నన్ను కొట్టు.

సీసాలు నువ్వు పంపినంత శుభ్రంగా కాదు, అంతకన్నా శుభ్రంగా పంపుతా ఉన్నాను. కొండలరావు పెట్టె డ్రైవరు సీటు వెనకాలే పెట్టుకున్నాడు. లోపల ఏముందని అడిగినాడు. పచ్చడి అని చెప్పినా.

మీ అన్న బాగుండాడు. క్వారీ నుంచి వచ్చి నడుం పట్టుకుని కూచుంటాడు, నొప్పుల బిళ్ళ మింగుతాడు, పడుకుంటాడు. అన్నా చెల్లెళ్ళు ఇద్దరూ బిళ్ళలు అన్నం లాగా తింటారు. మీ వంశానికి అది ఆస్తి కాబోలు.

అన్నమ్మ


హైదరాబాద్,
మార్చి 7.

వదినా,

ఈ కాగితం నువ్వు ఒక్కదానివే చదువు. చదివి పొయ్యిలో పెట్టు.

నలభైలో ముప్పై ఒకటి నీలం వచ్చాయి.

మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే. లేత నీలం కూడా కాదు, చొక్కాకు పెట్టే నీలిమందులాగా. మిగిలిన తొమ్మిదీ ఎర్రగా ఉన్నాయి, నా సున్నా కన్నా కూడా కాస్త ఎర్రగా. అది యంత్రం తేడా అయి ఉంటుంది.

మన పేటలో ముప్పై ఒక్క మంది వదినా. వాళ్ళెవరో నాకు తెలియదు, కానీ పేటలో నాకు తెలియనివాళ్ళు ఎవరున్నారు? కళ్ళు మూసుకుంటే మొహాలన్నీ వరసగా వస్తున్నాయి. మా నాయనకు జరిగినట్టే ముప్పై ఒక్క ఇళ్ళలో జరగబోతోందా? లేకపోతే నా పలక తప్పా? తప్పయితే ఆరేళ్ళు బూడిదలో పోసినట్టే. ఇట్లా అనుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నా పలకే తప్పు కావాలని ప్రార్థన చేసుకున్నాను.

మేడం చెప్పింది, ఇంకా రుజువు కాని పరీక్ష ఇది, దీన్ని పట్టుకుని ఎవరికీ ఏమీ చెప్పకూడదని. నువ్వూ చెప్పకు. నీకు దణ్ణం పెడతాను. 

కృపా


బేతేలుపేట,
మార్చి 15.

కృపా,

చదివినాను. పొయ్యిలో పెట్టినాను. కాగితం కాలింది గానీ అందులో మాట కాలలేదు.

ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండడం ఎంత కష్టమో నీకు తెలియదు. నీళ్ళ దగ్గర ఆడోళ్ళు "ఏమొచ్చింది అన్నమ్మక్కా, మాకేమన్నా ఉందా?" అని అడుగుతా ఉంటే ఇంకా రాలేదని అబద్ధమాడినా. చర్చిలో శ్రమదినాల కూటంలో వాళ్ళ మధ్యే మోకరించి, ఎవరిది ఏ నంబరో తలుచుకుంటా కూచున్నా. పాట నోటికి రాలేదు.

ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. తొమ్మిదో నంబరు నీలమా, ఎరుపా? ఎవరని నువ్వు అడగొద్దు.

అన్నమ్మ


హైదరాబాద్,
మార్చి 21.

వదినా,

నువ్వు అట్లా అడగకూడదు, నేను ఇట్లా చెప్పకూడదు. నాలుగు రోజులు జవాబు రాయకుండా ఆపుకున్నాను. కానీ నీ అక్షరాలు చూస్తే తెలిసింది, నువ్వు నిద్రపోవడం లేదని.

తొమ్మిదో నంబరు నీలం.

ఎవరని అడగను. ఆ మనిషిని ఏదో ఒక సాకు చెప్పి ఆసుపత్రికి తీసుకుపోయి రక్తపరీక్ష చేయించు. నా మాట వేదవాక్కు అనుకోవద్దు.

కృపా


బేతేలుపేట,
ఏప్రిల్ 8.

కృపా,

తొమ్మిదో నంబరు మీ అన్న.

దాచాలనే చూసినా. కూరలో ఉప్పు తగ్గించినా, నొప్పుల బిళ్ళలు తీసుకుపోయి దొడ్లో పూడ్చినా. ఆయనకు అనుమానం వచ్చింది. చివరికి రిజిస్టరు తీసి నా ముందు పెట్టి, "నాది తొమ్మిది గదా, చెల్లెలు ఏం రాసింది?" అన్నాడు.  నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. ఈ మొహం ఒకటి, ఏదీ దాచుకోలేదు.

ఆ రోజు నుంచి క్వారీకి పోలేదు. గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూచుంటాడు. గంటకోసారి వేలితో మడమ మీద నొక్కి, గుంట పడుతుందా అని చూసుకుంటాడు. పడలేదంటాను. "నాయనకు కూడా ముందు పడలేదు" అంటాడు. ఆసుపత్రికి పోదాం పద అని కాళ్ళా వేళ్ళా పడినా. ఏమంటాడో తెలుసా? "నా చెల్లెలు చెప్పినాక ఇంకో డాక్టరు ఎందుకు? అది ఆరేళ్ళు చదివింది ఇదే గదా." నీ మీద అంత నమ్మకం ఆయనకు. ఆ నమ్మకమే ఇప్పుడు ఆయన్ని తింటా ఉంది.

మొన్న గుడ్ ఫ్రైడే ఆరాధన అయినాక నన్ను సమాధుల తోటకు తీసుకుపోయినాడు. మీ నాయన కృపావరం పక్కన చోటు చూపించి, "ఇక్కడైతే దగ్గరగా ఉంటుంది" అన్నాడు. నలభై రెండేళ్ళ మనిషి.  ఇంటికి ఎట్ల వచ్చినానో తెలియదు.

అన్నం సగం తింటాడు. నీళ్ళు తాగడానికి కూడా భయం. ఆ మనిషి జబ్బుతో పోడు కృపా, భయంతో పోతాడు. ఏదో ఒకటి చెయ్యి. నీ పలక చేసింది గదా, నీ పలకనే అడుగు.

అన్నమ్మ


హైదరాబాద్,
ఏప్రిల్ 12.

వదినా,

నీ ఉత్తరం చదివి బాత్రూములో కూచుని ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని ల్యాబులోకి పోయి ఫలితాలన్నీ మళ్ళీ బల్ల మీద పరిచాను.

ఇన్నాళ్ళూ నేను ఎంతమంది అని లెక్కపెట్టాను గానీ, ఎవరెవరు అని వరస చూడలేదు. ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా అన్నీ నీలం. ముప్పై రెండు నుంచి నలభై దాకా అన్నీ ఎరుపు. జబ్బు నంబర్లు చూసుకుని క్యూలో నిలబడి వస్తుందా వదినా?

ఏదో జరిగింది. ముప్పై ఒకటికీ ముప్పై రెండుకీ మధ్య ఏదో మారింది. పెట్టె నీ చేతికి వచ్చినప్పటి నుంచి కొండలరావు చేతికి ఇచ్చేదాకా నువ్వు ఏం చేశావో ఒక్కటి కూడా వదలకుండా రాయి. చిన్నదని వదలకు. అన్నకు ఇంకా ఏమీ చెప్పకు. మళ్ళీ ఆశ పెట్టి మళ్ళీ తీసేస్తే నేను తట్టుకోలేను.

కృపా


బేతేలుపేట,
ఏప్రిల్ 17.

కృపా,

ఏం చేసినానంటే ఏం రాయాలి? పెట్టె విప్పినాను. సీసాలు ప్లాస్టిక్ వాసన కొట్టినాయి. ఎవరి చేతులు పడినాయో ఏమో, ఫ్యాక్టరీ దుమ్ము ఎంతుందో ఏమో. మనింటికి వచ్చిన గిన్నె కడగకుండా ఒకరి చేతికి ఇస్తామా? ముందురోజే అన్నీ బోరు కింద పెట్టి మూడేసి నీళ్ళతో కడిగినాను. సబ్బు పెట్టలేదు, సబ్బు అంటుకుంటుందని నాకు ఆ మాత్రం తెలివి ఉంది. చర్చి అరుగు మీద తెల్లగుడ్డ పరిచి, బోర్లించకుండా ఎండలో ఆరబెట్టినాను. అవి ఎంత మెరిసినాయో నువ్వు చూడాల్సింది.

నంబర్ల వరసలో ముప్పై ఒకటి దాకా కడిగినాక కరెంటు పోయి మోటారు ఆగింది. మిగిలిన తొమ్మిదీ కొన్న క్యాన్ నీళ్ళతో కడిగినా. తాగే నీళ్ళు వృథా చేస్తివి అని మీ అన్న గొణిగినాడు కూడా.

తర్వాత ఒకటో నంబరు నుంచి వరసగా పంచినా. అంతే. ఇందులో తప్పేముంది?

అన్నమ్మ


హైదరాబాద్,
ఏప్రిల్ 24.

ఓసి నా వదినా,

నిన్ను తిట్టాలని కూచున్నాను, నవ్వొచ్చింది, నవ్వుతుంటే ఏడుపొచ్చింది. పక్క బల్ల అమ్మాయి నాకు పిచ్చి పట్టిందని మేడంకు చెప్పి వచ్చింది.

తప్పు నాది. ఆ సీసాలు ఏ మచ్చా లేకుండా కడిగి మూసి పంపినవే, మళ్ళీ కడగొద్దని రాయాలని నాకు తోచలేదు. ఆ పేటలోనే పుట్టి పెరిగినదాన్ని, మనవాళ్ళు కడగకుండా ఒక గ్లాసు కూడా ముట్టుకోరని మరిచిపోయాను.

మన బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది కదా. ఎండలో ఆరినప్పుడు ఆ తెల్ల ఉప్పే సీసా లోపల పొరలాగా మిగిలింది. మన కంటికి కనపడలేదు, బంగారానికి కనపడింది. ఆ ఉప్పు తగిలినా నా రేణువులు ముద్దకట్టి నీలమైపోతాయి. క్యాన్ నీళ్ళలో ఆ ఉప్పు తక్కువ, అందుకే ఆ తొమ్మిదీ ఎర్రగా ఉన్నాయి. ఊరికే చెప్పడం లేదు. మన బోరు లాంటి నీళ్ళే ఇక్కడ తయారుచేసి, కొత్త సీసా కడిగి, ఎండబెట్టి, నా శాంపిలే పోసి చూశాను. నీలిమందు!

అంటే అన్నకు జబ్బు ఉందని కాదు. లేదని కూడా కాదు. ఇప్పటిదాకా మనకు ఏమీ తెలియదు, అంతే. ఆ మాట అన్నకు నువ్వే చదివి వినిపించు. మళ్ళీ నలభై సీసాలు పంపుతున్నాను. కడగొద్దు. తుడవొద్దు. ఊదొద్దు. మూత తీసి పట్టి మూత పెట్టు. ఒట్టు వేసి చెప్పు.

కృపా


బేతేలుపేట,
మే 6.

కృపా,

ఒట్టు. కడగలేదు. నా చేతులు దురద పెట్టినా కడగలేదు.

నీ కాగితం మీ అన్నకు చదివి వినిపించినా. రెండుసార్లు చదవమన్నాడు. "చెల్లెలు కూడా తప్పు చేస్తుందా?" అన్నాడు, అదే పెద్ద ఆశ్చర్యం ఆయనకు. ఈసారి అందరికన్నా ముందు ఆయనే సీసా ఇచ్చినాడు, కోర్టులో ముద్దాయి తీర్పు కోసం నిలబడినట్టు నిలబడి. మళ్ళీ తొమ్మిదో నంబరే ఇచ్చినాను. గురమ్మది అదే ఇరవై రెండు. అందరికీ పాత నంబర్లే.

తొందరగా చూడు. క్వారీకి ఇంకా పోవడం లేదు.

అన్నమ్మ


హైదరాబాద్,
మే 19.

వదినా,

అన్న బాగున్నాడు!

తొమ్మిదో నంబరు ఎర్రగా, దానిమ్మ గింజలాగా ఉంది. అయిదుసార్లు చేశాను. పేటలో అందరూ ఎరుపే. ఇరవై రెండు ఒక్కటే నీలం, గురమ్మ పెద్దమ్మ. పాపం ఆమె సంగతి తెలిసిందే. అంటే పలక ఉన్న జబ్బును పట్టుకుంది, లేనివాళ్ళను వదిలేసింది. అన్నను క్వారీకి పొమ్మను, కానీ ఆ బిళ్ళలు మాత్రం తవ్వి తీయనివ్వకు. మనసు కుదుటపడాలంటే మార్కాపురంలో ఒక్కసారి రక్తపరీక్ష కూడా చేయించు, నా మాట అక్కడ కూడా నిజమేనని చూస్తాడు.

నా సంగతి మాత్రం బాగా లేదు. ఒకరూ ఇద్దరూ కాదు, ముప్పై తొమ్మిది మందీ సున్నాకు కింద వస్తున్నారు. మైనస్ ఆరు, మైనస్ ఎనిమిది, మైనస్ ఏడు. లేని ప్రొటీను లేనిదానికన్నా తక్కువ ఎట్లా ఉంటుంది? పలక నీలాన్ని బాగానే చూస్తోంది, ఎరుపు దగ్గర లెక్క తప్పుతోంది. ఇది ఎందుకో తేలకపోతే థీసిస్ ముట్టుకోనని మేడం చెప్పేసింది. జూలై ఎంతో దూరం లేదు. రేణువులు మార్చాను, కాలవలు మార్చాను, దీపం మార్చాను. రాత్రీ పగలూ నిలబడే ఉంటున్నాను, చెప్పులు బిగుతైపోయాయి. తలనొప్పికి రోజుకు రెండు బిళ్ళలు పడుతున్నాయి. ఆరేళ్ళ పని ఇట్లా ఒడ్డు దాకా వచ్చి మునిగిపోతుందేమోనని భయంగా ఉంది.

అన్న సంగతి తలుచుకుంటే మాత్రం ఈ భయం ఓ లెక్కలోది కాదు.

కృపా


బేతేలుపేట,
జూన్ 1.

కృపా,

నీ కాగితం వచ్చిన రోజు మీ అన్న గంపెడు అన్నం తిన్నాడు. మర్నాడు రక్తపరీక్షకు నా కన్నా ముందు చొక్కా తొడుక్కున్నాడు. రెండు కిడ్నీలూ శుభ్రంగా పని చేస్తా ఉన్నాయని డాక్టరు రాసిచ్చినాడు. ఆ రిపోర్టు మడత పెట్టి జేబులో పెట్టుకుని తిరుగుతా ఉన్నాడు, కనపడినోడికల్లా చూపిస్తా ఉన్నాడు. కాటమరాజు మామ గొర్రెలకే చూపించలేదు. మళ్ళీ క్వారీకి పోతా ఉన్నాడు. నీకు వెయ్యి వందనాలు.

ఇంక నీ మైనస్ సంగతి. నేను పదో తరగతిదాన్ని, నవ్వినా నవ్వు. మా నాయన కురిచేడులో కందులు అమ్మేటప్పుడు నేను బస్తాల మీద కూచుని చూసేదాన్ని. ఒకరి బస్తా తక్కువ తూగితే ఆ రైతును అనుమానిస్తారు. అందరి బస్తాలూ తక్కువ తూగితే కందుల జోలికి ఎవరూ పోరు, కాటా రాయిని తిప్పి చూస్తారు.

ముప్పై తొమ్మిది మంది తక్కువ వచ్చినారంటావు. మొదటిసారి క్యాన్ నీళ్ళ సీసాలు తొమ్మిదీ నీ సున్నా కన్నా ఎర్రగా ఉన్నాయని నువ్వే రాసినావు. మరి నీ కాటా రాయి ఏంది? ఆ సున్నా ఎవరిది? నీదే అని మొదటి కాగితంలో చెప్పినట్టు గుర్తు.

రాద్దామా వద్దా అని రెండు రోజులు తిరిగినా. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు పొద్దున్నే నీ కళ్ళ కింద ఉబ్బు చూసినా. కొత్త చోటు నిద్ర అనుకున్నా. పుట్టిన ఇల్లు కొత్త చోటు ఎట్ల అవుతుంది? సాక్సు తీస్తే కాలి మీద అచ్చు పడింది. ఇప్పుడు చెప్పులు బిగుతంటా ఉన్నావు. అందరి కాళ్ళూ చూసేదానివి, నీ కాళ్ళు ఎప్పుడన్నా చూసుకున్నావా?

తప్పైతే తిట్టు. నేను తప్పు కావాలనే ప్రార్థన చేస్తా ఉన్నా. ఆలస్యం చేయకు.

అన్నమ్మ


హైదరాబాద్,
జూన్ 13.

వదినా,

నువ్వు తప్పు కాదు.

నీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. తర్వాత ల్యాబులో పదిమంది విద్యార్థుల శాంపిళ్ళు అడిగి తీసుకుని, సగటు కట్టి, దాన్ని సున్నా చేసి నాది పెట్టాను. పలక లేత నీలం చూపించింది. మీ నలభై సీసాలను ఆ కొత్త సున్నాతో కొలిస్తే మైనస్ అన్నదే లేదు. అంతా సరిగ్గా కూచుంది. ఆరేళ్ళలో ఏ ప్రయోగమూ నాకు అంత చక్కగా కుదరలేదు. 

మేడం నన్ను తన కారులో ఆసుపత్రికి తీసుకుపోయింది. రెండు కిడ్నీలూ కలిపి నలభై శాతమే పని చేస్తున్నాయట. ఎందుకు మొదలైందో ఖాయంగా చెప్పలేమన్నారు. ఆ తలనొప్పి బీపీ వల్లనట, నేను దానికి మింగిన బిళ్ళలు పుండు మీద కారమట. ఇప్పుడు మందులు వేసుకుని జాగ్రత్తగా ఉంటే చాలా ఏళ్ళు ఇట్లాగే నిలబెట్టొచ్చు, ఆ తర్వాత కిడ్నీ మార్పిడి గురించి చూద్దాం అన్నారు. ఇంకో రెండేళ్ళు గడిచి ఉంటే ఈ మాట కూడా చెప్పేవాళ్ళం కాదన్నారు.

"నీ పలకలో తప్పు లేదు. ఇన్నాళ్ళుగా నీ సంగతే చెబుతోంది, నువ్వే దాన్ని సున్నా అని కొట్టేస్తున్నావు" అంది మేడం. లెక్కలన్నీ మళ్ళీ కట్టాలి, థీసిస్ ఏడాది వెనక్కి పోయింది. ఆ సంగతికి ఏడుపు కూడా రావడం లేదు.

నాకు భయంగా ఉంది వదినా. ముప్పై ఒక్క మంది అన్నప్పుడు పడిన భయం వేరు, అప్పుడు మూడుసార్లు చేసి చూసుకున్నాను. ఇది కదలనివ్వడం లేదు. మంచం మీద కూచుని వేలితో మడమ మీద నొక్కి చూసుకుంటున్నాను. గుంట పడుతోంది. అన్న అన్ని రోజులు ఎట్లా కూచున్నాడో ఇప్పుడు తెలిసింది, ఆ రోజులన్నీ ఆయనకు తెచ్చిపెట్టింది నేనే. నాయన ఆఖరి నెల నేను పరీక్షలని రాలేదు, నువ్వే చూశావు. అది ఎట్లా ఉంటుందో నీకు తెలుసు, నాకు తెలియదు. ఎట్లా ఉంటుంది వదినా?

అన్నకు చెప్పకు.

కృపా


బేతేలుపేట,
జూన్ 17.

కృపా,

ఈ కాగితం పెట్టెలో రాదు. నా చేత్తో తెచ్చి నీ చేతికే ఇస్తాను. నోటితో మొదలుపెడితే ఏడుస్తానని రాసి తెస్తా ఉన్నాను.

ఎట్ల ఉంటుందని అడిగినావు. మీ నాయనకు తెలిసేసరికి అంతా అయిపోయింది. నీకు ముందే తెలిసింది. ఆ రెండూ ఒకటి కాదు, వాటిని కలపొద్దు. అంతకు మించి చెప్పను.

రిజిస్టరులో నలభైతో వరసలు అయిపోయినాయి. కింద గీత కొట్టి నలభై ఒకటి వేసి నీ పేరు రాసినాను. కృపారాణి, కృపావరం కూతురు, బేతేలుపేట. నీ రూలు ఏమన్నా కానీ, నాకు నువ్వు నంబరువి కాదు.

మీ అన్నకు చెప్పొద్దన్నావు. ఈ మొహం ఏదీ దాచుకోలేదని ముందే రాసినా గదా. చెప్పినాను.  జేబులోంచి ఆ రిపోర్టు తీసినాడు, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. నా ముందు పరిచి, "నాయి రెండూ బాగున్నాయని డాక్టరు కన్నా ముందు చెప్పింది నా చెల్లెలే గదా. అవసరం పడినప్పుడు దానికి ఒకటి చాలదా?" అన్నాడు. ఇప్పుడే అవసరం లేదంట, చాలా ఏళ్ళు పట్టొచ్చంట అని చెప్పినా. "పట్టనీ. నేను యాడికి పోతాను?" అన్నాడు.

నీతో అబద్ధం ఆడను కృపా.  దాదాపు రెండు నెలలు ఆ మనిషి పోతాడని చచ్చినంత పని అయ్యింది. మొన్ననే నా మనిషి నాకు దక్కినాడు, మళ్ళీ కత్తి కింద పడుకుంటానంటా ఉన్నాడు. ఔనని నేను అనలేదు. కాదని కూడా అనలేదు. నువ్వు వద్దంటావని తెలుసు. ఇద్దరూ అక్కడ కొట్లాడుకోండి, నేను మధ్యలో కూచుంటా.

కొండలరావు బస్సులో సీట్లు చెప్పినాను. ఉప్పు లేని పచ్చడి నీకు, మామూలుది మాకు, వేరు వేరు సీసాల్లో కట్టినాను. ఈ సీసాలు కడిగినాను, క్యాన్ నీళ్ళతో.

నాకు భయంగానే ఉంది. అయినా సంచిలో నా చీరల పక్కన ఆయన బట్టలు కూడా రెండు జతలు పెట్టినాను.

మీ వదిన
అన్నమ్మ